మా అత్త వీధికి మనుషులు వచ్చిన దసరా

దగ్గరికి జరిగి కూర్చోండి. తలా ఇంత ఒత్తుల పత్తి తీసుకోండి. చేతులు పనిలో ఉంటే చెవులు బాగా వింటాయి.

నేను ఆదోనికి కోడలిగా వచ్చిన కొత్తలో మా అత్త నడుము పడిపోయి మంచం దిగలేకుండా ఉండేది. ఆమె పుట్టిల్లు ఎమ్మిగనూరులో, నేతగాళ్ల వీధి మొదట్లో. ఆ వీధిని ఇంకొక్కసారి చూడాలని ఆమె కోరిక. బండి కుదుపులు ఆ నడుముకు పనికిరావు. సరే, ఆ ఏడు దసరా బొమ్మల కొలువులో ఆ వీధినే పెడదామని మా మామ వడ్రంగి చేత జానెడెత్తు ఇళ్లు, వాటికి తగ్గ గుంట మగ్గాలు చేయించారు.

తెచ్చి చూపిస్తే అత్త ముఖం తిప్పుకుంది.

"మనుషుల్లేకుండా పెట్టొద్దమ్మీ. ప్లేగు దినాల్లో మా వీధి ఇట్లే ఉండె."

ఆమె చిన్నతనంలో ప్లేగుకు భయపడి జనమంతా ఇళ్లు వదిలి చేలల్లో గుడిసెలు వేసుకున్నారట. అందరూ తిరిగి రాలేదట.

ఇక మనుషుల కోసం వెతుకులాట. ఆదోని బజారులో రాముడున్నాడు, కృష్ణుడున్నాడు, రాజులున్నారు, తుపాకులు పట్టిన రేకు సిపాయిలు బారులు తీరి ఉన్నారు. నీళ్లు మోసే ఆడమనిషి లేదు, మగ్గం నేసే మగవాడు లేడు. దొరికిన పాలమ్మే ఆడమనిషి బొమ్మ మా ఇళ్ల కప్పులకంటే పొడుగు. సిపాయిల చేతనే నేయిద్దాం వదినా, చీరలు గట్టిగా వస్తాయని మా మరిది నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. దసరా దగ్గరికొస్తోంది.

చివరికి మరిదిని వెంటబెట్టుకుని ఎమ్మిగనూరు పోయాను. అదే వీధిలో నూలు బొమ్మలు చేసే ఒక అవ్వ ఉందని విన్నాము. మా బొమ్మ ఇళ్లలో ఒకదాని తలుపును ఊడదీసి కొంగున కట్టుకుపోయాను, ఒక మగ్గాన్నీ తీసుకుపోయాము. బొమ్మలు ఎంతెత్తు కావాలని ఆ అవ్వ అడగనే లేదు. తలుపును నిలబెట్టి చూసింది.

"బిందె ఎత్తుకున్న ఆడది దీంట్లో వంగకుండా పోవల్ల గదా?" అంది.

అంతే, అదే ఆమె కొలత. తెగిన పోగులను బిగించి చుట్టి, పడుగుకు పెట్టే గంజిలోనే ముంచి, ఆరేలోపు కాలూ చెయ్యీ వంచేది. ఎండలో అవి ఎముకల్లా గట్టిపడేవి.

కొలువు నాడు అత్తను మంచంతో సహా ఎత్తి ముందు దించాము. ఆమె ఒక్కో వాకిలినీ చూస్తూ పోయింది. రాట్నం ముందు ముసలమ్మ, పడుగు సరిచేసే మొగుడూ పెళ్లాలు, చంకలో బిడ్డతో వాకిట్లో నిలబడి ఎవరినో తిడుతున్న ఆడమనిషి. ముఖాలకు కళ్లు కూడా లేవు. ఆ నడుముల వంపు చూస్తేనే ఎవరు అలసిపోయారో, ఎవరికి కోపం వచ్చిందో తెలిసిపోతోంది.

"అందరూ తిరిగొచ్చినారే," అంది అత్త మెల్లగా. కాళ్లు దింపుకుని కూర్చునే మగ్గం గుంటలో నడుము వరకే కనబడే నేతగాణ్ణి చూపించి, "ఆయప్ప కాళ్లు యాడ?" అంది.

అవ్వ అతన్ని మగ్గంలో కూర్చోబెట్టే ఇచ్చింది, నేనూ తీసి చూడలేదు. వేళ్లతో పట్టి పైకి లేపాను. ఎవరికీ కనబడని ఆ గుంటలో కాళ్లున్నాయి. ఒక పాదం తొక్కుడు చెక్కను నొక్కుతోంది, రెండోది అప్పుడే లేస్తోంది. పిక్కల మీద రాలిన నూలు దుమ్ము కూడా ఉంది.

అత్త ఆ పాదాలను ఒక వేలితో తాకింది.

"సాలు, దించమ్మీ. పని నిల్సిపోతాది."

మీ ఇళ్లలోనూ వాకిలి దాటిపోయిన వాళ్లంతా పొద్దు గూకేలోగా తిరిగి రావాలి తల్లీ, మీ వీధి ఎప్పుడూ మనుషులతో కళకళలాడాలి.