మూడో బటన్ మీది నాగపూర్

రాయమల్లు ఉట్నూర్‌లో జీపుల కరెంటు పని చేసేవాడు. చదివింది అయిదో తరగతి. జైనూర్ ఘాట్‌లో జీపు ఆగిందని కబురొస్తే భుజాన బ్యాటరీ, మెడలో రెండు తీగలు వేసుకుని బయలుదేరేవాడు. చచ్చిన బ్యాటరీ మీద క్లిప్పులు పట్టించి, బండిని లేపి, ఒక బీడీ తాగి వచ్చేవాడు. ఇరవై అయిదేళ్లు అదే పని. కళ్లు మూసుకున్నా చేతులు చేసుకుపోయేవి.

తొంభై ఆరులో బోథ్ నుంచి రాధాబాయి పిలిపించింది. ఆమె భర్త కరుణాకర్‌రావు ఆ ఎండాకాలమే గుండె ఆగి పోయాడు. ఆయన ముచ్చటపడి కొన్న విదేశీ కారు మిగిలింది. ఇప్పుడు తాళం తిప్పినా దాని సెల్ఫ్ మోటారు పట్టడం లేదు. సెల్ఫ్ విప్పాలంటే ముందు బ్యాటరీ తీయాలి. చిక్కంతా అక్కడే.

"రాయమల్లన్నా, కరెంటు పోతే కార్లున్న గా రేడియోకు తాళం పడతదట. నంబర్ కొడితెనే మల్ల మోగుతదట," అన్నాడు డ్రైవర్ లచ్చయ్య. "గా నంబర్ దొర ఒక్కనికే ఎరుక. ఇల్లంత దేవులాడినం, కాయితం దొర్కలే."

"రేడియోనే గదనే. ఊరంత రేడియోలే."

"దొర్సాని ముందట గట్ల అనకు. చెప్పు తెగుతది."

రోజూ సాయంత్రం ఆరింటికి రాధాబాయి నిలబడి ఉన్న కారులోనే కూర్చుని మూడో బటన్ ఒత్తేది. నాగపూర్ స్టేషన్ వచ్చేది. ఇంట్లో రేడియోకు మాత్రం నాగపూర్ రాదా? వస్తుంది. కానీ ఈ పెట్టెను ఆయనే బొంబాయిలో కొని తెచ్చాడు, ఏ బటన్‌కు ఏ స్టేషనో ఆయనే కుదిర్చాడు. పిచ్చి అనుకునేవాళ్లు అనుకోవచ్చు. పోయినవాడి చెయ్యి ఆమెకు అక్కడే తగిలేది.

"ఫికర్ చెయ్యకుండ్రి దొర్సానీ," అన్నాడు రాయమల్లు. "ఇంకో బ్యాటరీ తగిలించి, అటెంక దీన్ని తీస్త. కరెంటు మారినట్టు రేడియోకు ఎరుకే కాదు."

"జర పైలం రాయమల్లూ. నాకు కారు నడవకున్నా నడుస్తది."

ఉపాయం సరైనదే. రెండో బ్యాటరీ తెచ్చి పక్కన పెట్టాడు. తీగలు పరిచాడు. క్లిప్పులు పట్టించాడు. కారు వైర్లు విప్పి పాత బ్యాటరీని పైకెత్తాడు.

క్లిప్పులు దానితో పాటే లేచాయి.

అవి పట్టుకోవలసింది కారు వైర్ల కొసలను. జీపులకు అలవాటైన చెయ్యి పాత బ్యాటరీ తలకే పట్టించింది. రెండు బ్యాటరీలూ ఒకదానికొకటి కరెంటు ఇచ్చుకుంటూ నిండుగా ఉన్నాయి. కారుకు మాత్రం చుక్క లేదు.

గబగబా వైర్లు మళ్లీ తగిలించాడు. రేడియో వెలిగింది. దాని అద్దం మీద నాలుగు ఇంగ్లీషు అక్షరాలు, CODE అని.

"ఏమంటున్నది?" అంది రాధాబాయి.

"నంబర్ అడుగుతున్నది దొర్సానీ."

కారు నంబరు కొట్టారు. పెళ్లయిన సంవత్సరం కొట్టారు. రాధాబాయి ఆయన పుట్టిన ఏడు చెప్పింది. అదీ కాదు. మూడోసారి తప్పగానే ఆ అక్షరాలు కూడా పోయి ఉత్త గీతలు వచ్చాయి. ఇక ఏ బటన్ ఒత్తినా అవే గీతలు.

"ఇగ అడుగుడు సుత బంద్ చేసింది," అన్నాడు లచ్చయ్య మెల్లగా.

రాయమల్లు చేతులు పంచెకు తుడుచుకున్నాడు. మళ్లీ తుడుచుకున్నాడు. "తిట్టుండ్రి దొర్సానీ. రెండు దెబ్బలన్న కొట్టుండ్రి."

"కొడితె నంబర్ వస్తదా?"

హైదరాబాద్‌లో ఈ తాళం విప్పేవాళ్లు ఉంటారేమో అన్నాడు రాయమల్లు. విప్పితే లోపల ఆయన కుదిర్చిన స్టేషన్లు ఉంటాయా అని ఆమె అడిగింది. కరెంటు పోయినప్పుడే అవీ పోయి ఉంటాయని అతనికి తెలుసు. అబద్ధం చెబుదామని నోరు తెరిచి, చెప్పలేక తీగలు చుట్టసాగాడు.

"వచ్చిన పని చెయ్యి," అని ఆమె అరుగు మీద కూర్చుంది.

సెల్ఫ్ విప్పాడు. అరిగిన బుష్‌లు మార్చి బిగించాడు. లచ్చయ్య తాళం తిప్పగానే కారు ఒక్క దెబ్బకు అందుకుంది. జన్మలో అంత మంచిగా ఏ బండీ చేసి ఉండడు.

రాధాబాయి అరుగు దిగలేదు.

"బంద్ చెయ్యి లచ్చయ్యా," అంది. "యాడికి పోయేది ఉన్నది?"