గాజు జాడీలో గంట

పదిహేనేళ్లుగా ఆ బడిలో సైన్సు చెబుతున్న టీచరుకి మూడేళ్లుగా చెవులు మొరాయిస్తున్నాయి. ఆ సంగతి భర్తకి తప్ప ఇంకెవరికీ తెలియదని ఆవిడ నమ్మకం. ఆయన గడియారాలు బాగుచేసే మనిషి, నోట్లోంచి మాట రావడమే గగనం. "ఏమిటా గొణుగుడు, నోరు తెరిచి చెప్పొచ్చుగా!" అని ఆవిడ కసిరితే, పాపం వంటింట్లో గిన్నెలు అదిరేలా అరిచి చెప్పేవాడు. చెవి మిషను పెట్టుకోమంటే మాత్రం ఆవిడ ససేమిరా అనేది. పిల్లలు నవ్వితే నవ్వనీ, హెడ్మాస్టరుకి తెలిస్తే తరగతి తీసేసి స్టోరు గది తాళాలు చేతికిస్తాడని భయం. పాఠం చెప్పకుండా బతకడం ఆవిడ వల్ల కాదు.

తొమ్మిదో తరగతి పిల్లలంటే ఆవిడకి ప్రాణం. ఏదడిగినా లేచి నిలబడి, ముఖం ఆవిడ వైపే పెట్టి, గొంతెత్తి జవాబు చెప్పేవారు. ఎంత క్రమశిక్షణో అని మురిసిపోయేది, పిచ్చి తల్లి.

ఆ సోమవారం శబ్దం పాఠం. గాజు జాడీలో కరెంటు గంట మోగించి, పంపుతో లోపలి గాలి లాగేస్తే మోత తగ్గుతూ వచ్చి ఆగిపోవాలి. సుత్తి గంటని కొడుతూ కంటికి కనబడుతుంది, చెవికి మాత్రం ఏమీ చేరదు. శబ్దం ప్రయాణించాలంటే గాలిలాంటి యానకం ఏదో ఒకటి ఉండాలని పిల్లలకి తెలిసేది అక్కడే. అటెండరు సెలవులో ఉండడంతో ఆవిడే చెమటలు కక్కుతూ పంపు తిప్పింది. మొదటినుంచీ ఆవిడకి ఏమీ వినబడలేదు కాబట్టి, ఇక చాలనుకున్నాక ఆపి అడిగింది.

"ఇప్పుడు వినబడుతోందా?"

పిల్లలు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. ముందు బెంచీలో కూర్చునే పొడుగుపిల్ల లేచి, "లేదు టీచర్, ఆగిపోయింది!" అని అరిచింది. తక్కినవాళ్లూ తలలూపారు.

మర్నాడు అటెండరు జాడీ పట్టుకుని ఆవిడ ఎదురుగా వచ్చి నిలబడ్డాడు. "అమ్మా, అడుగున రబ్బరు చీలిపోయి ఉంది. ఎంత లాగినా గాలి మళ్లీ లోపలికొచ్చేస్తుంది. మరి నిన్న మోత ఆగిపోయిందని పిల్లలన్నారే, ఎలా ఆగింది?"

బల్లమీద నలభై రెండు రికార్డు పుస్తకాలున్నాయి. ఆవిడ ఒక్కొక్కటే తెరిచింది. పరిశీలన దగ్గర అందరిదీ ఒకటే మాట: శబ్దం క్రమంగా తగ్గి ఆగిపోయింది. అంటే వాళ్లకి ఎప్పుడో తెలుసు. ఆవిడని కాపాడడానికి అంతమందీ కట్టగట్టుకుని అబద్ధం రాశారు. సిగ్గుతో ఆవిడకి ఏడుపు తన్నుకొచ్చింది. చూసింది చూసినట్టు రాయండర్రా అని నెత్తీనోరూ బాదుకున్న మనిషే, ఆఖరికి వాళ్లకి దాచడం నేర్పింది.

తరగతికి వెళ్లి పుస్తకాలు పంచింది. "నాకు చెవులు వినబడవర్రా. మీకు తెలుసని ఇందాకటిదాకా నాకు తెలీదు. రాసింది కొట్టేసి, జరిగింది రాయండి."

పొడుగుపిల్ల కళ్లనీళ్లు పెట్టుకుంది. "రికార్డులు హెడ్మాస్టర్ సారు చూస్తారు టీచర్. మిమ్మల్ని మా క్లాసుకి రానివ్వరు."

"చూడనీ. నువ్వు రాయి తల్లీ."

ఆ పిల్ల ముక్కు ఎగబీలుస్తూ రాసి, పుస్తకం చాపింది. 'గంట మోగుతూనే ఉంది. టీచరుకి వినబడలేదు. చెప్పడానికి మాకు మనసు రాలేదు.'

టీచరు రెండుసార్లు చదివింది. ఒక అక్షరదోషం దిద్ది, కింద 'సరైన పరిశీలన' అని రాసి, తేదీ వేసి సంతకం పెట్టింది.