నక్క వేషం అందరూ వద్దన్న కథ

చికాగో పక్కన మా షామ్‌బర్గ్‌లో మంచు కురిసిందంటే తప్పిపోయిన మనిషి వసంతంలో గాని దొరకడు. అంత మంచులోనూ ఆదివారంనాడు పిల్లలు మీనాక్షిగారి బేస్‌మెంట్‌కి చేరేవారు. వారమంతా బట్టల కొట్టులో గుడ్డ కొలిచి కత్తిరించే ఆవిడ, ఆ పూట పాత కథలు చదివి వినిపించేవారు. నీతి మాత్రం చెప్పేవారు కాదు. మధ్యలో పుస్తకం మూసి, "ఇందులో ఎవరి మాట నమ్మచ్చు?" అని అడిగి ఊరుకునేవారు. నేను ఎమ్మెస్ మధ్యలో వదిలేసినవాణ్ణి. ఆ యూనివర్సిటీ ఇంకా కోలుకోలేదు. పిల్లల్ని నా వ్యాన్‌లో తెచ్చి దింపుతూ ఈ చదువు మాత్రం పూర్తిచేశాను.

ఎనభై నాలుగులో ఉగాదికి పిల్లలచేత ఒక కథ ఆడించాలని ఆవిడ మనసుపడ్డారు. జింకలు గుంపుగా చెరువుకొస్తాయి. నక్క ఒక్కొక్కదాన్నీ చాటుకి పిలిచి, "ఇంత అందమైన కొమ్ములున్నదానివి, ఆ గుంపులో నీకేం పని?" అంటుంది. గుంపు విడిపోతుంది. ఆపైన పులికి పండగ.

నక్క వేషం దగ్గరే తంటా వచ్చింది.

"మా రాజ్‌ని నక్కని చేస్తారా అండీ? వాళ్ళ తాతగారికి వీడియో క్యాసెట్ పంపాలి" అంది వాళ్ళమ్మ రేణు. ప్రతి ఇంట్లోనూ అదే మాట. అందరికీ జింకల రాజు వేషమే కావాలి.

మా ఊరి తెలుగు సంఘం అధ్యక్షుడు జగన్మోహన్ తీర్పు చెప్పాడు. "నక్కని తీసేద్దాం మీనాక్షిగారూ. పులిని కూడా. జింకలు డాన్స్ చేస్తాయి. పాజిటివ్‌గా ఉంటుంది."

"నక్కే లేకపోతే కథేముందండీ?"

"ఈ వయసులో పిల్లలకి మోసాలెందుకండీ?"

నాకు ఒళ్ళు మండింది. "మోసం చేసేవాడు వయసు అడిగి వస్తాడా, సార్?"

"నువ్వు ముందు డిగ్రీ పూర్తిచెయ్యవోయ్" అన్నాడు.

గోడకి నాలుగు డిగ్రీలు తగిలించుకున్న మనిషికి, నక్కని దాచేస్తే పిల్లలు నక్కకి దొరకరనే నమ్మకం. దానికి తల ఊపిన తల్లిదండ్రులూ డిగ్రీలవాళ్ళే.

ఆ వారంలో జగన్మోహన్ ఇంటింటికీ ఫోన్ చేశాడు. ఆదివారం బేస్‌మెంట్‌కి దిగి, "నక్కని తీసెయ్యడానికి అన్ని ఫ్యామిలీస్ ఒప్పుకున్నాయి" అన్నాడు.

విద్య చెయ్యెత్తింది. తొమ్మిదేళ్ళ పిల్ల. "అంకుల్, మా మమ్మీకి ఏం చెప్పారు?"

"అందరిలో నువ్వే బెస్ట్ అని చెప్పానమ్మా."

"మా మమ్మీకి కూడా సేమ్ థింగ్ చెప్పారు" అన్నాడు రాజ్.

విద్య ఒకడుగు ముందుకి వేసింది. "అందరికీ వేరేవేరేగా ఎందుకు చెప్పారు, అంకుల్? అందరూ ఉన్నప్పుడు చెప్పొచ్చు కదా."

జగన్మోహన్ మొహం కందగడ్డయింది. "ఇదేనా మీరు నేర్పేది?" అన్నాడు మీనాక్షిగారితో.

"అవునండీ. ఇదే."

మర్నాటికల్లా ఆ నాటకాన్ని ప్రోగ్రామ్‌లోంచి కొట్టేశాడు. టైమ్ చాలదట. ఉగాదినాడు ఆయన ఉపన్యాసానికి మాత్రం చాలింది. అది మొదలయ్యేటప్పుడు గడ్డం గీసుకుని కూర్చున్నవాళ్ళకి ముగిసేసరికి మళ్ళీ మొలిచింది. తర్వాత జింకల డాన్స్. పెద్దలంతా లేచి చప్పట్లు కొట్టారు. నాకా కోపం ఇంకా చల్లారలేదు.

విద్య, రాజ్ మాత్రం ఆ డాన్స్‌కి మేం స్టేజి ఎక్కం అన్నారు. మరికొందరు పిల్లలూ వాళ్ళ వెనకాలే హాలు దాటారు. కోట్లు తగిలించేచోట మీనాక్షిగారు వాళ్ళని నిలబెట్టి కథ మొదలుపెట్టారు. నక్క వేషానికి పిల్లలు కొట్టుకున్నంత పనిచేస్తే, చివరికి విద్యకి దక్కింది.

జింకలు చాలక నన్నూ లాగారు. ఆ పిల్ల నన్ను చాటుకి పిలిచి ఎంత తియ్యగా పొగిడిందంటే, తల తడిమి చూసుకున్నాను. కొమ్ములు నిజంగానే బాగున్నాయి.