గుర్రం వరస బంటు

మా నాన్న చదరంగంలో చివరి గడికి చేరిన బంటు, ఏ వరసలో చేరితే ఆ వరస పావే అయ్యేది. ఏనుగు వరసలో ఏనుగు, గుర్రం వరసలో గుర్రం. పోటీల చదరంగంలో ఆ నిర్బంధం లేదు, కోరుకున్నది అవుతుంది. దాదాపు అందరూ మంత్రినే కోరుకుంటారు. పన్నెండేళ్ల వయసు నుంచీ ఈ సంగతి మీద నాన్నతో దెబ్బలాడుతూనే ఉన్నాను. అంత దూరం బతికి నడిచొచ్చిన బంటు మీద మీ పెత్తనమేమిటని అడిగేదాన్ని. ఆయన నేను పెట్టిన మంత్రిని తీసి గుర్రాన్ని పెట్టేవారు. తమ్ముడికి నాలాంటి నోరు లేదు. నాన్న చెప్పినట్టే ఆడేవాడు.

అరవైల చివర ఆ తమ్ముడే జాతీయ పోటీలకు ఎంపికయ్యాడు. అక్కడ ఆరో రోజున, దేశంలో మొదటి ఇద్దరు ముగ్గురిలో చెప్పుకునే ఆటగాడు వాడికి ఎదురయ్యాడు. ఆ సాయంత్రం దీపాలు పెట్టేవేళ, విజయనగరంలో మా నూనె కొట్టుకి ట్రంకాల్ వచ్చింది. తమ్ముడు నాతో మాట్లాడాలంటున్నాడని నాన్న ఫోను నా చేతికిచ్చి పక్కనే నిలబడ్డారు.

వేళ అయిపోయినా ఆట తేలలేదట. అలాంటప్పుడు ఎత్తు వేయవలసినవాడు దాన్ని కాగితం మీద రాసి, కవరులో పెట్టి అంటించి ఇచ్చేయాలి. మర్నాడే విప్పుతారు. ఈలోగా మార్చడానికి లేదు, చూసుకోవడానికీ లేదు. గుర్రం వరసలో వీడి బంటు చివరి గడికి చేరే ఎత్తు అది. మంత్రిని కోరితే గెలుపు. గుర్రమైతే ఆట పోతుంది.

"అప్పా, మంత్రని రాసేనో గుర్రవని రాసేనో గేపకం రాట్లేదే," అన్నాడు. "అయిదు గంటలు కూకున్నాను. సెయ్యి దానంతటదే రాసీసింది. నా సెయ్యి నీకు తెలుసు కదా. ఏటి రాసుంటాను?"

తెలుసు. పదేళ్లు ఆ చెయ్యి పటం మీద కదలడం చూసినదాన్ని. కాలేజీలో లెక్చరర్లకే ఎదురు చెప్పిన నాకు, ఆ నిమిషంలో ఉన్న మాట చెప్పే ధైర్యం లేకపోయింది. చెప్పినా కవరు ఎవరూ విప్పరు.

"మంత్రే రాసుంటావు. గుర్రవని రాయడానికి నువ్వేటి, పిచ్చోడివా? అన్నం తినీసి పడుకో."

నిజంగానేనా అని మళ్లీ అడిగాడు. నిజంగానే అన్నాను. మూడు నిమిషాలు అయిపోయాయి, లైను తెగింది.

"ఏటంతన్నాడు?" అన్నారు నాన్న.

అక్కడి భోజనం పడటం లేదట అన్నాను.

రెండు రోజులకి పేపర్లో నాలుగు వాక్యాలు పడ్డాయి. గెలవవలసిన ఆటలో మా జిల్లా కుర్రవాడు కోరి గుర్రాన్ని తీసుకుని ఓడిపోవడం వింతగా ఉందని రాశారు. నాన్న కళ్లజోడు పెట్టుకుని పైకి చదివారు. 'కోరి' అన్న మాట దగ్గర ఆగి, మళ్లీ మొదటి నుంచి చదివారు. ఇన్నేళ్లుగా నేను గెలవాలనుకున్న వాదన నా ముందే ఉంది.

"ఆ రోజు ఫోన్లో ఆడడిగింది ఇదేనా?" అన్నారు, పేపరు మడుస్తూ.

భోజనం సంగతేనని మళ్లీ చెప్పాను.