చేతికిచ్చే ఉప్పు

మా సందులో ఆమెను బేకరీ మార్తమ్మ అంటారు. ఆ పేరు విని ఆమెకేదో బేకరీ ఉందనుకోకండి. వరంగల్ చౌరస్తా దగ్గర ఒక బేకరీలో ఆమె పని చేసేది. అద్దాల బీరువాలున్న ముందు గదిలో కాదు, గోడకు అవతల పిండి పిసికే గదిలో. ముందు గదికి ఏసీ ఉంది. వెనక గదికి ఒక కిటికీ ఉంది, అది మోరీ వైపు తెరుచుకుంటుంది.

దేశాయిపేటలో మావి రేకుల ఇళ్ళు. ఆమె ఇంటికీ మా ఇంటికీ ఒకటే గోడ. భర్త జ్ఞానప్రకాశం ఎనుమాముల మార్కెట్లో హమాలీ. మిర్చి బస్తాలు మోసీ మోసీ ఏడాది పొడుగునా తుమ్ముతూనే ఉంటాడు. మెత్తని మనిషి. ఎవరైనా గట్టిగా మాట్లాడితే పక్కకు తప్పుకుంటాడు. మార్తమ్మది పాలకుర్తి దగ్గర ఒక పల్లె. పెళ్ళై వచ్చాక బేకరీలో గిన్నెలు కడగడానికి చేరింది. తర్వాత ట్రేలు తుడిచింది, మైదా జల్లించింది, చివరికి పిండి కలిపింది. పొయ్యి పని మాత్రం మాస్టర్‌ది. ఆయన పక్కన నిలబడి చూస్తూ చూస్తూ అదీ నేర్చుకుంది. మాస్టర్ రాని రోజుల్లో బన్నులూ డోనట్లూ అన్నీ ఆమె చేతి మీదుగానే బయటికి వెళ్ళేవి. తిన్నవాళ్ళెవరికీ ఆ సంగతి తెలియదు. తెలియకుండా ఉంచడమే ఆ గోడ పని.

ఒకరోజు ఎవరో పెద్దమనిషి కౌంటర్ దగ్గర నిలబడి డోనట్ తింటూ, ఇంత మెత్తగా ఎవరు చేశారని బేకరీ యజమాని సేటును అడిగాడు. సరిగ్గా అప్పుడే మార్తమ్మ ట్రే పట్టుకుని ముందు గదిలోకి వచ్చింది. నేనే అని చెప్పబోయిందట. కస్టమర్లు ఉండగా ముందుకు రావద్దని ఎన్నిసార్లు చెప్పాలి, లోపలికి పో అని సేటు కసిరాడు. పెద్దమనిషి వైపు తిరిగి, మా మాస్టర్ హైదరాబాద్‌లో నేర్చుకొచ్చాడండీ అన్నాడు. ఆ మాస్టర్ ఆ రోజు భూపాలపల్లిలో మరదలి పెళ్ళి భోజనం చేస్తున్నాడు. మార్తమ్మ ట్రేను కౌంటర్ మీద పెట్టింది, నడుముకు కట్టుకున్న గుడ్డ విప్పి దాని మీద పడేసింది, ఇంటికి నడిచి వచ్చింది.

ఇంట్లోనే డోనట్లు చేసి తన గడప ముందే అమ్ముతానని మరునాడు చెప్పింది. సేటు ఆ కబురు విని నవ్వాడు. క్రిస్మస్ కేకుల సీజన్ ముందు ఆమే తిరిగి వస్తుందనీ, డిసెంబర్ దాకా ఆమె జాగా ఖాళీగా ఉంచుతాననీ, అప్పుడు ఫోన్ చేస్తాననీ అన్నాడట. దయగానే అన్నాడు. ఆ దయ మార్తమ్మకు మేకులా దిగింది. తిరిగి ఆ గోడ వెనక్కి పోకూడదు. అంతే ఆమె పట్టు.

ఓవెన్ లేదు. పెద్ద గంజు ఒకటి పొయ్యి మీద పెట్టి, అడుగున ఇసుక పోసి, దాని మీద ఇనుప కుదురు, కుదురు మీద పళ్ళెం పెట్టేది. గంజు మీద మూత, మూత మీద ఇటుక. డోనట్లను చాలాచోట్ల నూనెలో వేయిస్తారు. ఆమె కాల్చడమే ఎంచుకుంది. నూనెలో గోలిస్తే మా సందువాళ్ళు దాన్ని గారె అంటారనీ, గారెలు ఎవరింట్లో వాళ్ళకున్నాయనీ ఆమె లెక్క. మైదాలో పాలు, వెన్న, ఈస్ట్ కలిపి పిసికి, పొంగనిచ్చి, స్టీలు గ్లాసుతో గుండ్రంగా కోసి, నడుమ సీసా మూతతో చిల్లు వేసేది. రెండు రకాలు. తీపివాటి మీద యాలకుల చక్కెర అద్దేది. రెండోది ఆమె సొంతంగా కనిపెట్టింది. వెన్న రాసి, నువ్వులు, వాము, పైన దంచిన దొడ్డుప్పు. వేడివేడిగా కొరికితే ముందు ఉప్పు రవ్వ నాలుక మీద కరుగుతుంది, ఆ తర్వాత వెన్న తగులుతుంది. బేకరీలో అలాంటిది లేదు. నేను చాలా పుస్తకాలు చదివాను గానీ ఆ రుచిని చెప్పే మాట ఇంకా దొరకలేదు.

పొద్దంతా పిండితో గడిపి సాయంత్రం చీకటి పడే వేళకు గడప ముందు స్టూల్ వేసి అమ్మకానికి కూర్చునేది. పిల్లలు కొన్నారు. పెద్దలు ఆగారు, చూశారు, వెళ్ళిపోయారు. తీపిది ఇవ్వబోతే షుగరన్నారు. ఉప్పుది ఇవ్వబోతే ఇప్పుడొద్దన్నారు. ఎదురింటి చిలుకమ్మ కూడా షుగరే అంది. ఆ చిలుకమ్మ రోజూ పొద్దున చౌరస్తా బేకరీ నుంచి తీపి బన్ను తెప్పించుకుని చాయలో ముంచుకుని తినడం సందంతా చూస్తుంది.

ఉప్పువి మిగిలిపోతుంటే మార్తమ్మ తన చేతినే అనుమానించింది. ఉప్పు తగ్గించింది. వాము తీసేసి జీలకర్ర వేసింది. మళ్ళీ వాము వేసింది. మిగిలినవి వాళ్ళిద్దరూ నేనూ తినేవాళ్ళం. జ్ఞానప్రకాశం అన్నీ బాగున్నాయనేవాడు, అందువల్ల ఆయన మాట ఎందుకూ పనికొచ్చేది కాదు. చివరికి చిలుకమ్మ కోడలు రమ, కుళాయి దగ్గర బిందె నిండేదాకా ఆగి, అసలు సంగతి చెప్పింది.

“రుచి గురించి కాదు మార్తక్క. దీపం ముట్టిచ్చినంక ఉప్పు ఎవ్వలన్న చేతికి తీసుకుంటరా? మా అత్త అసలే పట్టింపు మనిషి.”

మార్తమ్మకు ఆ పట్టింపు తెలియనిది కాదు. వాళ్ళమ్మ కూడా చీకటి పడ్డాక ఉప్పు బదులు ఇచ్చేది కాదు. కానీ డోనట్ మీది ఉప్పు కూడా ఉప్పు కిందికే వస్తుందని ఆమెకు తట్టలేదు. పైగా దానికి ఉప్పు డోనట్ అని పేరు పెట్టి, చీకట్లో కూర్చుని, ఉప్పు డోనట్లు అని అందరినీ పిలిచింది.

నేను నమ్మలేదు. ఉప్పు ఒక సాకు, షుగర్ ఇంకో సాకు, అసలు పట్టింపు ఆమె చేతితోనే అన్నాను. చిలుకమ్మ ముంచుకు తినే బన్ను ఇన్నేళ్ళూ ఎవరు పిసికారో వెళ్ళి చెప్పమన్నాను. మార్తమ్మ గంజులో ఇసుక సర్దింది.

“చెప్తె ఏమైతది తమ్మి? కక్కుకుంటది. ఆమె కడుపుతోని నాకేం పని. నాకు ఆమె చెయ్యి కావాలె.”

ఆ రాత్రి భోజనాల దగ్గర జ్ఞానప్రకాశం తన ఉపాయం చెప్పడం గోడ ఇవతలికి వినిపించింది. మా గోడలు అలాంటివి.

“ఎందుకే ఈ లొల్లి? పిట్టగోడ మీద తాంబాళం పెట్టు. ఎవ్వలకు కావాల్సింది ఆళ్ళే తీసుకుంటరు. చేతికి ఇచ్చుడే ఉండది.”

“మా ఊళ్ళె మా అమ్మ దోసిలి పడితె దొరలోళ్ళు చల్ల పైనుంచి పోసేటోళ్ళు. మోచేతుల పొంటి కారేది. ఆళ్ళ ఇంటికాడ ఆళ్ళు చేసిండ్రు. నా ఇంట్ల, నేను కాల్చిందాన్ని, నేనే గోడ మీద పెట్టి ఎనుకకు జరగాల్నా?”

“మరేం జేస్తవ్?”

“దీపం ముట్టియ్యకముందే అమ్ముత.”

చెప్పినంత తేలిక కాదు. ఎండ ఉండగానే అమ్మాలంటే తెల్లారకముందే పిండి కలపాలి. అప్పటికి చలికాలం వచ్చేసింది. చలికి పిండి రాయిలా ముడుచుకుని కూర్చుంది. మధ్యాహ్నమైనా పొంగలేదు. గిన్నెకు వెచ్చగా ఏదన్నా చుట్టాలంది మార్తమ్మ. జ్ఞానప్రకాశం హుషారుగా మార్కెట్ నుంచి ఖాళీ గోనె సంచులు తెచ్చాడు. తెల్లవారుజామున మసక వెలుతురులో ఆమె వాటిని దులిపి గిన్నెకు చుట్టింది. అవి మిర్చి సంచులని ఇద్దరిలో ఒక్కరికీ గుర్తు రాలేదు. ఆయన ముక్కు ఎప్పుడో మొద్దుబారింది. ఆమెకు అప్పటికే పడిశం. సంచుల్లోని కారం దుమ్ము పిండిలో చేరింది. గంజు మూత తీసేసరికి సందు సందంతా దగ్గింది. చిలుకమ్మ ముక్కుకు కొంగు పెట్టుకుని బయటికొచ్చి, సంక్రాంతి దాకా మమ్మల్ని బతకనిస్తావా అని అడిగింది. ఆ డోనట్లలో ఒకదాన్ని జ్ఞానప్రకాశం కళ్ళనీళ్ళు కారుస్తూ పూర్తిగా తిని, బాగుందన్నాడు.

మిగతావి పారబోశాక ఆమె కాసేపు గడప మీద కూర్చుంది. బేకరీకి పోతుందేమోనని నాకు భయం వేసింది. లేచి, పెట్టె తెరిచి, అత్తగారి పాత గొంగడి తీసి ఎండలో వేసింది. మరునాడు గిన్నెను ఆ గొంగడిలో చంటిపిల్లను చుట్టినట్టు చుట్టి, అప్పుడే ఆరిన పొయ్యి పక్కన పెట్టింది. పిండి పొంగి మూతను పైకి లేపింది.

ఆ మధ్యాహ్నం, ఎండ నిండుగా ఉండగానే, ఆమె స్టూల్ వేసింది. పళ్ళెం ఒళ్ళో పెట్టుకుంది, గోడ మీద పెట్టలేదు. బడి పిల్లలు తీసుకున్నారు. ఆటో నడిపే భానుచందర్ ఆగి ఉప్పుది ఒకటి తిని, ఇంకొకటి కట్టించుకుని పోయాడు. తర్వాత రమ వచ్చింది, చేతిలో స్టీలు పళ్ళెం. అత్త పంపింది. ఉప్పువే కావాలట, కానీ పళ్ళెంలో పెట్టాలట. పగలైనా సరే, ఉప్పు చేతి నుంచి చేతికి మారితే ఇద్దరికీ కొట్లాట అవుతుందని ఆమె నమ్మకమట.

ఒక సాకు పోతే ఇంకొకటి వస్తుందని నేను ముందే అన్నాను. అది నిజంగా నమ్మకమో, సాకో, చిలుకమ్మకైనా తెలుసో లేదో. మార్తమ్మ ఆ పళ్ళెం వైపు చూసింది. రమ చేతిలో ఒక డోనట్ పెట్టింది. రమ అటూ ఇటూ చూసి అక్కడే తినేసింది. పళ్ళెం మాత్రం ఖాళీగా తిరిగి వెళ్ళింది. కావాలంటే పెద్దమ్మనే రమ్మను అన్నదొక్కటే మార్తమ్మ పంపిన జవాబు.

మరునాడు చిలుకమ్మ తానే వచ్చింది. కోపంగా వచ్చింది.

“ఏందే మార్తమ్మ, కొంటమంటె గూడ పళ్ళెం ఉత్తగ పంపుతవా? అంత పొగరా?”

“పొగరు కాదు పెద్దమ్మ. చెయ్యి పట్టుమంటాన.”

“ఉప్పు చేతికిచ్చుకుంటె కొట్లాటలైతయే. తెల్వదా నీకు?”

“తెలుసు. మా అమ్మ గూడ చెప్పేది.” మార్తమ్మ పళ్ళెంలోంచి ఒక ఉప్పు డోనట్ తీసి ఆమె వైపు చెయ్యి చాచింది. “అయితె కానియ్యి. ఎదురుబొదురుగ ఇన్నేండ్ల సంది ఉంటానం. మన నడుమ ఒక్క కొట్లాట గూడ లేదాయె.”

చిలుకమ్మ కొంగు చివర పట్టి ముందుకు చాచింది. కొంగులో వేయమని. మార్తమ్మ వేయలేదు. తను చాచిన చేతిని వెనక్కీ తీసుకోలేదు. డోనట్ మీది వెన్న కరిగి ఆమె వేళ్ళ మీదికి జారింది. సందులో ఉన్న ఒకే ఒక్క మేడ మీద కిటికీలోంచి, ఆ ఇంటాయన కిషన్ రావు చూస్తున్నాడు. రమ గుమ్మంలో నిలబడి తలుపు పట్టుకుంది. నేను ఏదో ఒకటి అనాలని నోరు తెరిచాను, మార్తమ్మ నా వైపు చూసిన చూపుకు మూసుకున్నాను.

అప్పుడే మార్తమ్మ ఫోన్ మోగింది. బేకరీ సేటు. గడప మీద ఫోన్ మోగి మోగి ఆగింది. మళ్ళీ మోగింది. ఆమె దాన్ని చూసింది కానీ చెయ్యి దించలేదు.

“ఎత్తరాదే, ఎవ్వలో చేస్తాండ్రు,” అంది చిలుకమ్మ.

“చెయ్యి ఖాళీ లేదు పెద్దమ్మ.”

చిలుకమ్మ కొంగు వదిలింది. విసుగ్గా, బస్సులో చిల్లర తీసుకున్నట్టు, చెయ్యి చాచి ఆ డోనట్ అందుకుంది. వేళ్ళకు వేళ్ళు తగిలాయి. మేడ మీద కిషన్ రావు కిటికీ మూసుకున్నాడు. చిలుకమ్మ ఇంట్లోకి పోలేదు. అక్కడే, సందు నడుమ, అందరూ చూస్తుండగా కొరికింది. చాలాసేపు నమిలింది.

“ఉప్పెక్కువైంది.”

“ఎక్కువ కాలె. దొడ్డుప్పు అట్లనే తగులుతది.”

“యాబై ఏండ్ల సంది వంట చేస్తాన, నాకు చెప్తవా?”

“పొయ్యి మీద కూర వేరు, గంజుల కాల్చుడు వేరు పెద్దమ్మ. తీపి బన్నులు తిని తిని నీ నాలుకకు ఉప్పు తెలుస్తలేదు.”

“నా నాలుకనంటవా? ఇంకోటియ్యి, చూసి చెప్త.”

మార్తమ్మ ఇంకొకటి ఆమె చేతిలో పెట్టింది. ఫోన్ మూడోసారి మోగింది. ఈసారి ఎత్తింది. సేటు గొంతు నాకూ వినిపించింది. సీజన్ మొదలైందనీ, రేపటి నుంచి రమ్మనీ, జీతం సంగతి వచ్చాక మాట్లాడుకుందామనీ అంటున్నాడు.

“రాను సేటు,” అంది మార్తమ్మ. “నేనిక్కడ కొట్లాటల ఉన్న. మల్ల చెయ్యకు.”

ఫోన్ గడప మీద పడేసి చిలుకమ్మ వైపు తిరిగింది. వాము వల్లే ఉప్పు ఎక్కువ అనిపిస్తోందని చిలుకమ్మ, వాము ఉప్పును పెంచదు, తగ్గిస్తుందని మార్తమ్మ. ఇద్దరి గొంతులూ పెరిగాయి. రమ కూడా గుమ్మం దిగి వచ్చి, అత్తదే తప్పంది. పళ్ళెంలో ఉప్పువి అయిపోవచ్చాయి. మార్తమ్మ వాదన ఆపకుండానే లోపలికి వెళ్ళి గంజు మూత మీది ఇటుక దించింది.