చంద్రుడి మీద నీలాకాశం

అశోక్‌నగర్‌లోని ఆ ఆడపిల్లల హాస్టల్లో భోజనాల వేళకు టీవీలో అంతరిక్షం సీరియల్ వచ్చేది. ఏదో భాషలోంచి తెలుగులోకి మార్చినది. పెదవులు కదలడం ఆగాక కూడా మాటలు వినపడుతుండేవి. అయినా అమ్మాయిలంతా ప్లేట్లు పట్టుకుని దాని ముందే చేరేవాళ్లు. వాళ్లను అక్కడ కూర్చోబెట్టింది నర్మద.

నర్మద తల్లిదండ్రులు మహబూబ్‌నగర్ జిల్లా నుంచి ఇళ్లు కట్టే పనికి వచ్చినవాళ్లు. పని ఉన్నచోటికల్లా మారుతుంటే చదువు సాగదని కూతుర్ని హాస్టల్లో ఉంచారు. గ్రూప్స్‌కు చదువుతోంది. నలుగురిలో నోరు విప్పని పిల్ల. తెర మీద తప్పు కనపడితే మాత్రం ఆగలేకపోయేది.

"చూడుండ్రి, ఓడ పేలితే గంత చప్పుడు! గాలే లేనికాడ చప్పుడెట్ల వినిపిస్తదే?"

"నాకైతే వినిపిచ్చింది. కుక్కర్ పేలిందని ఉరికొచ్చిన," అనేది వంటచేసే రామక్క. నవ్వి నవ్వి అందరికీ పొలమారేది.

తన మాటకు ఇంతమంది నవ్వడం నర్మద అంతకుముందు ఎరగదు. మెల్లగా తప్పును కొండంత చేసి చెప్పడం అలవాటైంది. అసలు సంగతి చివర్లో, నవ్వుల మధ్య, ఒక్క ముక్కలో తేల్చేసేది.

చంద్రుడి మీద దిగిన కథానాయిక తలపైన నీలాకాశం చూపించిన రోజు ఏకంగా లేచి నిలబడి చేతులు చాపింది. "అబ్బ, ఎంత నీలంగుందో! ట్యాంక్‌బండ్ మీద వాకింగ్‌కు వచ్చినట్టుంది!"

అందరికంటే ఎక్కువ నవ్వింది ఆమె గదిలో ఉండే భాగ్యశ్రీ. అదే పరీక్షకు ఏళ్లుగా చిక్కడపల్లి లైబ్రరీలో చదువుతోంది. ఈసారి ఉద్యోగం రాకపోతే వయసు దాటిపోతుంది, మళ్లీ రాయడానికి ఉండదు. సైన్స్ అంటే ఆమెకు భయం. "పుస్తకం తలకెక్కదు నర్మదా. నువ్వు చెప్తే బొమ్మ లెక్క కనిపిస్తది," అనేది. చివరి నెలల్లో సైన్స్ పుస్తకం తెరవడమే మానేసింది.

ఇద్దరికీ నారాయణగూడలోనే సెంటర్ పడింది. పరీక్ష రాసి నడిచి వస్తుంటే నర్మద ఉత్సాహం పట్టలేకపోయింది.

"చంద్రుని బిట్ చూసినవా అక్కా? పగటిపూట అక్కడ ఆకాశం ఏ రంగని?"

"చూడంగనే నువ్వే యాదికొచ్చినవ్. లేచి చేతులు చాపినవ్ గదా! నీలం పెట్టిన."

నర్మద నడక ఆగిపోయింది. ఆమె ముఖం చూసి భాగ్యశ్రీకి అర్థమైంది.

"నీలం తప్పని చెప్పినవా?"

"చెప్పిన అక్కా. నలుపని. ఆఖర్ల చెప్పిన."

"ఇనవడలే," అంది భాగ్యశ్రీ. "నవ్వుతున్నం గదా అందరం."



ఫలితాల్లో భాగ్యశ్రీ లేదు. ఎన్ని మార్కుల్లో పోయిందో ఆమె చెప్పలేదు, నర్మదకు అడిగే ధైర్యం రాలేదు. ఊరికి బయల్దేరేరోజు భాగ్యశ్రీ పుస్తకాలు కట్ట కడుతుంటే నర్మద పక్కకు వచ్చి నిలబడింది.

"అక్కా, నా వల్లనే..."

"ఒక్క బిట్‌తోనే పోతదా ఏంది? జర ఈ తాడు పట్టు." కట్ట చుట్టూ తాడు తిప్పుతూ తనే అడిగింది. "గానీ నలుపెందుకే? గదొక్కటి సక్కగ చెప్పు."

నర్మద కింద కూర్చుంది. ఎండలోని నీలాన్ని మన మీదున్న గాలి నలుదిక్కులా చెదరగొడుతుందని, అందుకే మనకు ఆకాశమంతా నీలమని చెప్పింది. చంద్రుడి మీద ఆ చెదరగొట్టే గాలి లేదు. నడినెత్తిన సూర్యుడున్నా చుట్టూ నలుపే. ఎక్కడా గొంతు పెంచలేదు, చేతులు కదపలేదు. భాగ్యశ్రీ మధ్యలో ఆపి మళ్లీ చెప్పించుకుంది.

"ఇప్పుడు అడిగితే రాస్త," అని తాడు బిగించింది.

నర్మద ముడి మీద వేలు పెట్టి పట్టుకుంది.