మిద్దె మీద గుడారం

2023 చలికాలం. సౌదీలోని హుఫూఫ్‌లో విల్లాలు కట్టి అమ్మే కంపెనీలో నేను వారంటీ ఇన్‌స్పెక్టర్‌ని. కొన్న ఇంట్లో ఏదైనా పాడైతే వెళ్ళి చూసి, బాగుచేసే బాధ్యత కంపెనీదా, ఇంటివాళ్ళదా అని తేల్చడం నా పని. వారంటీ ఉంది కదా, ఇంకేం భయం అనుకుంటారు అందరూ. అందులో ఎక్స్‌క్లూజన్లు, అంటే వారంటీ వర్తించని సందర్భాలు కూడా ఉంటాయి. వాటిని చదివిన మహానుభావుణ్ణి నేనింతవరకూ చూడలేదు.

వాన పడ్డ మర్నాడు నాసర్ అనే స్థానిక ఉపాధ్యాయుడు ఫోన్ చేశాడు. పసిబిడ్డ ఉయ్యాల మీదికి కప్పు కారుతోందట. మా కంపెనీలోనే పనిచేసే కడప మస్తాన్‌ని వెంటబెట్టుకుని వెళ్ళాను. మిద్దె ఎక్కితే ఏముంది, మేకవెంట్రుకల గుడారం! లోపల నాసర్ తండ్రి గహ్వా, అదే అరబ్బుల కాఫీ, కాచుకుంటున్నాడు. ఎడారిలో ఒంటెలు కాసిన మనిషి. కాంక్రీటు గదిలో ఊపిరాడటం లేదంటే కొడుకు వేయించాడట.

మస్తాన్ వంగి చూసి తల పట్టుకున్నాడు.

"ఈడ సూడన్నా. తాళ్ళు కట్టేదానికి స్లాబుకే బోల్టులు దిగ్గొట్టినారు. మెంబ్రేన్ జల్లెడైపాయ."

మెంబ్రేన్ అంటే వాన నీళ్ళు దిగకుండా స్లాబు మీద పరిచే పొర. దానికి ఇంటివాళ్ళే చిల్లులు పెడితే ఆ వారంటీ పోయినట్టే.

నాసర్ నన్ను పక్కకు లాగాడు. "బాగుచేయించుకోవడం నేను చూసుకుంటాను. గుడారం వల్లనని మాత్రం నాన్నకు చెప్పొద్దు. తెలిస్తే ఒంటరిగా ఎడారికి వెళ్ళిపోతాడు."

పెద్దాయనవి పాము చెవులు. "బిడ్డ తడిసింది నా గుడారం వల్లేనా?" అని సూటిగా అడిగాడు. అబద్ధం చెబితే బోల్టులు అలాగే ఉంటాయి, వచ్చే వానకు మళ్ళీ కారుతుంది.

"గుడారం వల్ల కాదు బాబాయ్, బోల్టుల వల్ల" అన్నాను.

ఆయన లేచి తాళ్ళు విప్పసాగాడు. వెళ్ళి ఆయన చెయ్యి పట్టుకున్నాను.

"మేకు నిలవని ఇసుకలో గుడారం ఎట్లా కట్టేవారు?"

"సంచుల్లో ఇసుక నింపి, తాళ్ళు వాటికి కట్టేవాళ్ళం."

"ఇక్కడా అట్లాగే కడదాం."

ఆయన చేతిలోని తాడు వదిలేశాడు. తర్వాత కూర్చుని మా ఇద్దరికీ గహ్వా పోశాడు.

నాసర్ క్లెయిమ్ మాత్రం తిరస్కరించక తప్పలేదు. మెంబ్రేన్ అతనే వేయించుకున్నాడు. ఇసుక సంచులు మస్తానూ నేనూ మోశాం. తర్వాతి వానకు ఉయ్యాల తడవలేదు, పెద్దాయన ఎక్కడికీ పోలేదు.

ఇప్పుడు ఎవరికి కొత్త ఇంటి తాళాలిచ్చినా, వారంటీ సంగతి ఎత్తకముందే, మీ ఇంట్లో పెద్దవాళ్ళెవరు, వాళ్ళకు ఎక్కడ నిద్ర పడుతుంది అని అడుగుతాను. నాసర్ తాళాలు తీసుకున్న రోజున ఆ మాట అడిగిన నాథుడే లేడు.